అంగిట్లో బెల్లంముక్క

నోట్లో బెల్లంముక్క ఉండగానే బేరమాడగలిగినవాడే వ్యాపారి అని సన్నిబాబుకు అతని తండ్రి నేర్పాడు. ముక్కను నాలుకతో ఎడమపక్కకు తోసి అంగిట్లో నొక్కిపెట్టాలి. కుడిపక్క నోటిని మాటకు వదిలేయాలి. అది ఉప్పునేల చెరకా, మంచినేల చెరకా, రంగు తేలడానికి మందెంత కలిపారు అని ఎడమన నాలుక తేలుస్తూ ఉంటే, కుడిన నోరు రైతును పిల్లల చదువుల గురించి అడుగుతూ ఉండాలి. ముక్క కరిగేలోగా బేరం తెగాలి. అనకాపల్లి బెల్లం యార్డులో సన్నిబాబు ఎరిగిన పాత వ్యాపారులందరిదీ అదే పద్ధతి. కొత్తగా వచ్చినవాడెవడైనా నోరు మూసుకుని రుచి చూస్తే, "పూజారిగారు ప్రసాదం తింటన్నార్రా, కదపకండి" అని బస్తాలు మోసే కళాసీలు నవ్వేవారు.

ఆ విద్యను సన్నిబాబు తన కూతురు నూకరత్నానికి పలకా బలపం కంటే ముందే ఇచ్చాడు. కొట్టు అరుగు మీద కూర్చోబెట్టి, నోట్లో ముక్క పెట్టి, "ఎడం పక్కన నొక్కవే అమ్మా. ఇప్పుడు నీ పేరు చెప్పు" అనేవాడు. పిల్ల ముద్దుముద్దుగా పేరు చెప్పేది. ఇంతకంటే పెద్ద లాభం తన జన్మలో రాదనుకునేవాడు. చాలాకాలం తర్వాత కూర్చుని అంతా తిరగేసి చూసుకుంటే, నష్టం మొదలైంది కూడా ఆ అరుగు మీదేనని తేలింది.

రత్నం పెద్దదై, డిగ్రీ చదివి, మళ్ళీ వచ్చి ఆ అరుగు మీదే కూర్చుంది. యార్డులో ఆమె నాలుకకు సాటి లేదు. బెల్లం దిమ్మ మీద గోటితో గీరి నోట్లో వేసుకుంటే ఏ ఊరి నేలో చెప్పేది. గడ్డం మాత్రం చిన్నది. కాస్త లోపలికి పోయి ఉండేది. అందుకని కుర్ర వ్యాపారులు ఆమెను పిట్టమూతి అనేవారు.

"ఏ పండు తియ్యనో పిట్టమూతికే తెలుస్తాది. మీ దున్నపోతు మూతులకేటి తెలుస్తాది?" అని ఆమె అక్కడికక్కడే బదులిచ్చేది. వాళ్ళు నవ్వేవారు, ఆమె నవ్వేది, సన్నిబాబు కూడా నవ్వేవాడు. కానీ లోపల ఎక్కడో ఆ మాట అతనికి గుచ్చుకునేది. మంచి సరుకు చినిగిన గోనెలో ఉన్నట్టు అనిపించేది.

చెరకు కోతలప్పుడు కొట్టు మేడమీది వాటాలోకి డాక్టర్ ఇందుమతి అద్దెకు దిగింది. విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో ఎముకల మీద పనిచేసి, పైవాళ్ళతో పడక బయటికి వచ్చేసిన మనిషి. పెట్టెల నిండా పుర్రె నమూనాలు, సుద్దతో అచ్చుపోసిన పళ్ళ వరసలు తెచ్చుకుంది. సామాను మోసిన కళాసీలు కిందికి వచ్చి చేతులు కడుక్కున్నారు.

ఒకరోజు ఆమె దిగివచ్చి అరుగు ముందు నిలబడింది. "సన్నిబాబు గారూ, మీ నాలుక ఎక్కడుంటుంది?"

"నోట్లోనేనండి. ఇంటికొచ్చేటప్పుడు యార్డులో మర్చిపోయి వొచ్చేస్తానని మా ఆవిడ అంటాది గానీ."

"అది కాదు. ఏ పనీ లేనప్పుడు, నోరు మూసుకున్నప్పుడు?"

సన్నిబాబు నోరు మూసుకుని చూసుకున్నాడు. నాలుక మొత్తం పైకి లేచి అంగిలికి అతుక్కుని ఉంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి అతనెప్పుడూ గమనించలేదు.

"అందుకే మీకంత వెడల్పు దవడ. ఈ యార్డులో ముసలివాళ్ళందరికీ ఉంది. చిన్నప్పటి నుంచీ బెల్లం నొక్కిన నాలుకలు" అందామె.

ఆ వారమే సన్నిబాబు సరుకు చూడటానికి ఒక బెల్లం బట్టీకి వెళ్తుంటే ఆమె కూడా బండెక్కింది. అక్కడ అప్పుడే పోసిన దిమ్మ ఇంకా వెచ్చగా ఉంది. ఆమె బొటనవేలితో నొక్కింది. వేలు దిగింది. "చిన్నపిల్లల పైదవడ ఇది. రెండు ముక్కలు, మధ్యలో అతుకు. నాలుక ఎటు నొక్కితే అటు పెరుగుతుంది" అంది. పక్కనే నిన్నటి దిమ్మ ఉంటే దాన్నీ నొక్కింది. వేలు ఎర్రబడింది తప్ప దిమ్మ కదల్లేదు. "పెద్దవాళ్ళది ఇది. నాలుక పైకి పెట్టుకుంటే మొహం మారిపోతుందని ఫోన్లలో బోలెడుమంది చెబుతున్నారు. చల్లారిన దిమ్మతో కుస్తీ పట్టడమే అది."

"మరి మీరేటి చేస్తారండి?"

"దీన్ని పొయ్యి ఎక్కించకుండానే మళ్ళీ పాకం చేస్తాను."

అంగిలి మీద రాసే ఒక పూత ఆమె తయారుచేస్తోంది. లేత ఆకుపచ్చ రంగులో గంజిలా ఉండేది. దానికి లేతపూత అని పేరు పెట్టుకుంది. అది రాసుకున్నన్నాళ్ళూ మొహంలోని ఎముకల అతుకులు చిన్నపిల్లల అతుకుల్లా మెత్తబడతాయి. మిగతా పని నాలుక చూసుకుంటుంది. అంగిలి వెడల్పవుతుంది, దవడ ముందుకొస్తుంది, ముక్కు తెరుచుకుంటుంది, గురక పోతుంది. పూత మానేస్తే ఎముక దానంతటదే గట్టిపడాలి. అలా గట్టిపడకపోతే వెంటనే బిగించడానికి ఇంకో మందు, గట్టిపూత, ఆమె అలమారలో తయారుగా ఉంది. అయితే గట్టిపూత ఒక్కసారి పడితే ఎముక మళ్ళీ ఏ మందుకూ లొంగదు.

తిరుగు దారంతా సన్నిబాబు లెక్కలు వేసుకున్నాడు. కత్తి లేదు, తీగ లేదు. మనిషి నాలుకే కూలీ. జీతమడగని, సెలవడగని కూలీ. ఇలాంటి సరుకు జన్మకోసారి గుమ్మంలోకి వస్తుంది. ఊరు చేరేసరికి ఆమె పరిశోధనలో అతను సగం వాటాదారు.

మొదటి చిక్కు మందుతో రాలేదు. నాలుకతో వచ్చింది. పూత రాయించుకున్నవాళ్ళు ఇందుమతి చూస్తున్నంతసేపూ నాలుక పైకి పెట్టేవారు. ధ్యాస మళ్ళగానే అది కిందికి జారేది. ఆమె అంగిలికి చిన్న ప్లాస్టిక్ బొత్తాం అతికించి చూసింది. డోకు వస్తోందని పీకి పారేశారు.

"బెల్లంముక్క అతికించండి డాక్టరమ్మగారూ. నాలుక ఎవరూ చెప్పకుండా ఎక్కి కూర్చుంటాది" అన్నాడు సన్నిబాబు.

అలాగే జరిగింది. ఇందుమతి ఆశ్చర్యపోయింది. తన బుర్రలోంచి వచ్చిన ఆ ఉపాయానికి సన్నిబాబు చాలారోజులు మురిసిపోయాడు. పూత రాయించుకోవడానికి ఒప్పుకున్నది యార్డు మనుషులే. ముక్క మధ్యలో పెట్టాలని ఆమె చెప్పేది, అతనూ చెప్పేవాడు, వాళ్ళు తలాడించేవారు. కానీ వాళ్ళ నాలుకలకు బెల్లం చోటు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నోరు మూసుకోగానే ముక్క ఎడమకు చేరేది. అది వాళ్ళకే తెలియదు. ఇందుమతికి తెలిసే వీలు లేదు. తెలియాల్సినవాడు సన్నిబాబు ఒక్కడే, అతని నోట్లోనూ ముక్క ఎడమవైపే ఉంది.

మొదట పూత రాయించుకున్నవాడు కాటా వేసే ఎర్నాయుడు. వాడి గురకకు భయపడి పెళ్ళాం వీధరుగు మీద పడుకునేది. కొన్ని నెలలకు గురక తగ్గింది, దవడ తేలింది, మొహానికి ఒక కళ వచ్చింది. "ఎర్నాయుడికి రెండోపెళ్ళి చూపులంట" అని కళాసీలు ఆట పట్టించారు. పెళ్ళాం ఇంట్లోకి వచ్చి పడుకుంది. ఇందుమతి కొలతలు తీసుకుని, ఇక చాలని వాడికి పూత ఆపేసింది.

ఆ తర్వాత ఒకరోజు బస్తాలు తూకమేస్తుండగా సన్నిబాబు వాడి మొహం చూశాడు. కాటా ముల్లు గీత మీద లేకపోతే అంత దూరం నుంచి పట్టుకునే కన్ను అతనిది. ఎర్నాయుడి మీసం కొసలు రెండూ ఒక ఎత్తులో లేవు. గడ్డం ముక్కు కింద లేదు.

"ఏటిరా, మూతి అలగ పోతందేటి?"

"నాకూ అలగే అనిపిస్తందండి షావుకారుగారూ. అన్నం నమిలితే ఒక పక్కన పళ్ళు తగలట్లేదండి. డాక్టరమ్మకి చెప్పీమంటారా?"

అప్పటికి మేడమీద హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కంపెనీ మనుషులున్నారు. ఇందుమతి వాళ్ళకు సుద్ద అచ్చులు చూపిస్తోంది. నవ్వులు కిందికి వినబడుతున్నాయి. కొనేవాడు గుమ్మంలో ఉండగా బస్తా విప్పి పురుగు చూపించే వ్యాపారి ఉంటాడా?

"చుట్ట అటేపే పెడతావు కదరా. దానివల్లే అయ్యుంటాది. చుట్ట మానీ" అన్నాడు సన్నిబాబు. "పెద్దోళ్ళు కూర్చున్నారు, నువ్విప్పుడు ఎళ్ళకు. డాక్టరమ్మకి నేను చెప్తాలే."

ఎర్నాయుడు సరేనండి అని చుట్ట ఆర్పి అవతల పారేశాడు. సన్నిబాబు చెప్పలేదు. ఈ రోజు కాదులే అనుకున్నాడు, మరునాడూ అదే అనుకున్నాడు. వీలైనప్పుడల్లా కాటా దగ్గరికి వెళ్ళి వాడి మొహం చూసి వచ్చేవాడు. చుట్ట మానినా, పూత మానినా గడ్డం ఎడమకు జరుగుతూనే ఉంది. అతని కంటికి తప్ప ఇంకెవరి కంటికీ అది ఇంకా ఆనడం లేదు. మేడ దిగి వచ్చినప్పుడల్లా ఇందుమతి అడిగేది: "మనవాళ్ళలో ఏ తేడా కనిపించినా నాకు చెప్పాలి, కొత్తవాళ్ళకు పూత రాసే ముందే చెప్పాలి." అతను, "ఏం లేదండి, అంతా బాగుంది" అనేవాడు.

కంపెనీవాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒక మాట అడిగారు. ముసలి మగాళ్ళ గురకలు ఎవరికి కావాలి? ఒక అమ్మాయి మొహం చూపించండి. మచ్చు బాగుంటే సరుకంతా మేమే తీసుకుంటాం.

మచ్చు అన్న మాట వినగానే అతనికి గుర్తొచ్చింది కూతురే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సంగతి కదిపాడు. భార్య మంగతల్లి గరిటె ఎత్తి పట్టుకుని ఉండిపోయింది. "నా కూతురి మూతిని బోర్డు కింద యేలాడదీస్తావేటి?"

"నువ్వుండవే. ఇదేటి కోతా కుట్టా?"

"నా మూతికేటైంది నాన్నా?" అంది రత్నం. "ఈ మూతితోనే కదా నీ కొట్టు నడుస్తంది."

"ఏటీ అవలేదమ్మా. కొంచెం ముందుకొస్తే ఇంకా బాగుంటాది కదా అని."

"ఎవరికి?"

 అతను భోజనం చివర అలవాటుగా బెల్లంముక్క నోట్లో వేసుకున్నాడు. రత్నం అతని మొహంలోకి కాసేపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. యార్డులో ఒకరి పేరు నిలబెట్టడానికి ఇంకొకరు మాట సాయం చేస్తారే, అలాంటి ఔదార్యం ఉంది.

"నాకైతే అక్కర్లేదు. నీకు కావాలంటే రాయించుకుంటాను" అంది. "భయమేటీ లేదు కదా? ఎర్నాయుడు మాఁవ బాగున్నాడు కదా?"

ముక్క ఎడమన కరుగుతోంది. కుడిపక్క నోటి నుంచి మాట తడబడకుండా వచ్చేసింది.

"నిక్షేపంలా ఉన్నాడు."

పూత మొదలుపెట్టిన మొదటి నెలల్లో యార్డంతా రత్నాన్ని చూసింది. గడ్డం తేలింది. చెంపలు నిండాయి. పిట్టమూతి అన్న కుర్రాళ్ళు పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. "ఏటి, పిట్ట ఎగిరిపోయిందేటి?" అని ఆమే వాళ్ళను ఏడిపించింది. కంపెనీవాళ్ళు ఫోటోలు పట్టుకెళ్ళారు. మంగతల్లి కూడా కూతురి దిష్టి తీసి, "పోన్లే, మీ నాన్న ఈసారికి మంచిపనే చేశాడు" అంది. ఆ మాటకు సన్నిబాబు గుండె తేలికపడాలి. పడలేదు. రోజూ పొద్దున్నే కూతురు కాఫీ ఇస్తుంటే కళ్ళలోకి చూడకుండా గడ్డం వైపు చూసేవాడు. ముక్కు కొన నుంచి కనబడని దారం వేలాడదీసి కొలిచేవాడు.

ఒకరోజు గడ్డం ఆ దారం తప్పింది. అతను కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏటి నాన్నా, చల్లారిపోయిందా?"

"లేదమ్మా. వేడిగా ఉంది."

ఆ తర్వాత అది ఆగలేదు. అంగిలి ఎడమన పల్లమైంది, కుడిన ఎత్తైంది. పళ్ళ వరసలు కలవడం మానేశాయి. పెదవి చివర నుంచి తడి కారితే రత్నం చున్నీ అంచుతో ఒత్తుకునేది. నాలుక అంగిలికి ఆనవలసిన చోట అందక మాట మొద్దుబారింది. యార్డులో ఎవరూ ఏ పేరూ పెట్టలేదు. ఆమె వస్తుంటే కబుర్లు ఆపి బస్తాలు సర్దుకునేవారు. వాళ్ళ వెక్కిరింతలు కావాలని సన్నిబాబు మొదటిసారి కోరుకున్నాడు.

ఒక పొద్దున రైతు దిమ్మ దించాడు. రత్నం గీరి నోట్లో వేసుకుంది. ముక్క పల్లంలోకి జారి ఇరుక్కుంది. నాలుకతో వెతికింది. రైతు ఎదురుచూస్తున్నాడు. ఆమె వేలు పెట్టి ముక్కను తీసి చూసుకుంది, అది ఎవరి వస్తువో అన్నట్టు.

"నాకు తెలీత్లేదు నాన్నా" అంది. ట అన్న అక్షరం ఆమె నోట త అయిపోతోంది.

రత్నం గడ్డం వంకర చూసి అప్పటికే పూత ఆపేసిన ఇందుమతి మేడమీద సుద్ద అచ్చులన్నీ బల్ల మీద వరసగా పెట్టుకుని కూర్చుంది. అన్నీ ఎడమకే వాలి ఉన్నాయి. మందు తప్పయితే ఒకటి అటూ ఒకటి ఇటూ పోవాలి. ఆమె కిందికి దిగి, యార్డులో ఒక స్తంభానికి ఆనుకుని, బేరాలు చూస్తూ నిలబడింది. పదిమంది నోళ్ళు చూసింది. తర్వాత సన్నిబాబు దగ్గరికి వచ్చింది.

"అందరూ ఎడమవైపే ఎందుకు పెట్టుకుంటారు?"

"కుడిపక్క బేరానికి కదండీ" అన్నాడతను. అన్నాక ఆ మాట తన చెవికే కొత్తగా వినబడింది.

ఇందుమతి అరుగు మీద కూలబడింది. "ముందే అడగాల్సింది" అంది. "ఎముకకు పాఠం తెలియదు, అలవాటే తెలుసు. నేనది మర్చిపోయాను." ఆమె తనను తాను తిట్టుకుంటుంటే అతను నిలబడి విన్నాడు. తన వంతు కూడా ఆమే మోస్తోంది. కాదు అనలేదు.

మరునాడు ఆమె మేడమీదికి రత్నాన్ని, సన్నిబాబును, ఎర్నాయుడిని పిలిచింది. ఎర్నాయుడి మొహం పక్కకు లాగిన గుడ్డలా ఉంది. మీసం తీసేశాడు.

"రెండు దార్లున్నాయి" అంది ఇందుమతి. "పూత ఆపేశాం కాబట్టి రత్నం ఎముక దానంతటదే గట్టిపడాలి. ఈలోగా ముక్క కుడివైపు పెట్టి అలవాటు చేస్తే కొంత వెనక్కి కూడా రావచ్చు. అంటే ఆగాలి. రెండోది, ఈ రోజే గట్టిపూత రాసెయ్యడం. ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది, జన్మంతా. ఆగడమే మంచిది. ఒక్క సందర్భంలో తప్ప."

"ఏ సందర్భంలో?" అని కళ్ళతో అడిగింది రత్నం.

"పూత మానేశాక కూడా అది జరుగుతూనే ఉంటుందంటే మనం ఆగకూడదు. ఆగిన కొద్దీ పోతుంది. ఊపిరి దారి కూడా మూసుకుపోవచ్చు. ఎర్నాయుడూ, నీకు ఈ వంకర ఎప్పుడు మొదలైంది? పూత మానకముందే వచ్చి ఆగిందా? మానేశాక కూడా పెరిగిందా?"

ఎర్నాయుడు సన్నిబాబు వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళవైపు చూసుకున్నాడు.

"నాకు సరిగ్గా గుర్తులేదండి. షావుకారుగారికి తెలుసండి. ఆయన్నడగండి."

వాడు తనకు తలుపు తీసి పెట్టాడని సన్నిబాబుకు అర్థమైంది. అందులోంచి నడిచి వెళ్ళిపోవచ్చు. అతని బుర్ర అలవాటుగా తూకం వేసింది. చెబితే కంపెనీ పోతుంది, వాటా పోతుంది, ఊళ్ళో పేరు పోతుంది, ఈ పిల్ల కళ్ళలో తన చోటు పోతుంది. చెప్పకపోతే ఏమో, బాగుపడొచ్చు కూడా. ఎర్నాయుడి ఒళ్ళు వేరు, పడుచుపిల్ల ఒళ్ళు వేరు. సరుకు దగ్గర పెట్టుకుని మంచి ధర కోసం ఆగడం అతనికి కొత్తా ఏమిటి? ఆగితే పోయేదేముంది?

రత్నం చున్నీ అంచుతో పెదవి ఒత్తుకుని, తండ్రి ఏం చెబుతాడా అని చూస్తోంది. భోజనాల దగ్గర చూసిన చూపే. ఇప్పటికీ అనుమానం లేదు. అతని నోట్లో ఆ పొద్దున వేసుకున్న ముక్క ఇంకా ఉంది. దాన్ని అరచేతిలోకి ఉమ్మేశాడు.

"ఆగలేదండి" అన్నాడు. "పూత మానీసిన తర్వాతే మొదలైంది. రోజూ పెరిగింది. నేను రోజూ చూస్తానే ఉన్నాను. వీడు అప్పుడే మీకు చెప్తానన్నాడు. నేనే చెప్తాలే అని ఆపీసేను. చెప్పలేదు."

 ఇందుమతి లేచి కిటికీ వైపు తిరిగింది.

"నేనదిగినప్పుదు?" అంది రత్నం.

"అప్పటికే తెలుసమ్మా."

 కూతురు అరుస్తుందేమోనని, కొడుతుందేమోనని అతను ఎదురుచూశాడు. ఏ శిక్ష వచ్చినా పుచ్చుకోవడానికి తయారుగా ఉన్నాడు. రత్నం అతనికి ఏమీ ఇవ్వలేదు. కుర్చీ ఇందుమతి వైపు జరుపుకుని, నోరు తెరిచి, అంగిలి వైపు వేలు చూపించింది. ఈ రోజే, అన్నట్టు.

గట్టిపూత నల్లగా ఉంటుంది. రాయబోతూ ఇందుమతి ఆగిపోతే రత్నమే ఆమె మణికట్టు పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

ఎర్నాయుడికి, మిగతా అందరికీ అదే వారంలో బిగించేశారు. కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, పూత పనిచేస్తున్నట్టే కదా, కుడి ఎడమల సంగతి మేం చూసుకుంటాం, సంతకాలు పెట్టండి అన్నారు. ఇందుమతి పెట్టనంది. సన్నిబాబు కూడా పెట్టలేదు. అందులో తన గొప్పేమీ లేదని అతనికి తెలుసు. గోదాము తగలబడ్డాక తాళం వేసినట్టు అది. మంగతల్లి అతనితో మాట్లాడటం మానేసి కంచం మాత్రం పెట్టేది. ఎర్నాయుడు మాత్రం, "పోన్లెండి షావుకారుగారూ, గురకైతే పోయింది కదా" అన్నాడు. ఆ మాట మోయడం బస్తా మోయడం కంటే కష్టమైంది.

రత్నం ఆ ఏడాది కొట్టుకు రాలేదు. ఇంట్లో కూర్చుని కొత్త నోటితో మాట నేర్చుకుంది. ట, డ రావని తెలిశాక వాటి చోట ఇంకో మాట వెతుక్కోవడం నేర్చుకుంది. తండ్రితో కావలసినంతే మాట్లాడేది. రుచి మాత్రం తిరిగి రాలేదు. తీపి తెలిసేది. కానీ తీపి వెనక దాక్కున్న ఉప్పును, ఇసకను నాలుకా అంగిలీ కలిసి పిండి తీయాలి. ఆ రెండూ ఇక కలవవు.

మళ్ళీ కోతలు మొదలయ్యాక ఒక పొద్దున ఆమె వచ్చి అరుగు మీద తన చోట కూర్చుంది.  కొట్టు ముందు ఒడిశా నుంచి వచ్చిన పాత ఖాతాదారు నిలబడి ఉన్నాడు. బయట లారీ ఉంది. సన్నిబాబు తన డబ్బు పెట్టి కొని నిలవచేసిన సరుకంతా అతనికే చూపిస్తున్నాడు.

"అమ్మాయి నాలుక మీదే నాకు నమ్మకం. అమ్మాయి చెబితే ఎత్తేస్తాను" అన్నాడు ఒడిశా షావుకారు. అతనికి సంగతి తెలియదు.

రత్నం దిమ్మ మీద గోటితో గీరింది. ముక్కను తన నోట్లో వేసుకోలేదు. తండ్రి అరచేయి లాగి అందులో పెట్టింది.

"ఎలాగుంది, చెప్పు" అంది.

సన్నిబాబు ముక్కను నోట్లో వేసుకున్నాడు. నాలుక దానంతటది ఎడమకు తోసింది. అతను దాన్ని వెనక్కి లాగి అంగిలి మధ్యలో పెట్టాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. జన్మలో మొదటిసారి రెండు పెదవులూ పూర్తిగా మూశాడు.

"వానలెలా ఉన్నాయి సన్నిబాబూ?" అన్నాడు ఒడిశా షావుకారు.

సన్నిబాబు చెయ్యెత్తి ఆగమన్నాడు.

"ఏటిరా ఇది" అని ఒక కళాసీ పక్కవాడిని పొడిచాడు. "మన షావుకారుగారు ప్రసాదం తింటన్నారు." నవ్వు యార్డు చివరిదాకా పాకింది. సన్నిబాబు చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరవలేదు. కూతురు అతని మొహాన్ని చూస్తోంది. ఒకప్పుడు అతను ఆమె గడ్డాన్ని ఎంత ఓపిగ్గా చూశాడో, అంతే ఓపిగ్గా చూస్తోంది. ముక్క నెమ్మదిగా కరిగింది. ముందు తీపి వచ్చింది. తీపి పోయాక అడుగున దాక్కున్నది వచ్చింది.

"ఉప్పుంది" అన్నాడు. "వానాకాలం దాకా నిలవదు. తీసుకోకండి."

ఒడిశా షావుకారు తెల్లబోయాడు. తర్వాత తల పంకించి, లారీవాడిని కేకేసి, పక్క కొట్టు వైపు నడిచాడు.

సన్నిబాబు కూతురి వైపు తిరిగాడు. ఆమె నవ్వలేదు. వంగి, పక్క దిమ్మ మీద గోటితో గీరి, ఇంకో ముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది.